బాకీ పేరుతో జీతం పట్టుకునే హక్కు ఎవరిచ్చారు?

నెలంతా పనిచేసిన మనిషి ఒకనాటి సాయంత్రం యజమాని ముందు నిలబడి, "సేఠ్, రేపటి నుంచి నేను రాను. నా హిసాబు చూసి పంపండి" అంటాడు. సేఠ్ గల్లా సొరుగులోంచి ఒక నోటుపుస్తకం తీస్తాడు. అందులో ఏం రాసి ఉందో పనివాడు ఎన్నడూ చూసి ఎరుగడు. పండుగ ముందు తీసుకున్న రెండు వేలు, తల్లి ఆసుపత్రి ఖర్చుకు తీసుకున్న సొమ్ము, ఎప్పుడో పగిలిన అద్దం ఖరీదు, జ్వరంతో రాని రోజుల కోత అన్నీ అందులో వరుసగా ఉంటాయి. పుస్తకం మూసి సేఠ్ ఒకే ఒక్క మాట అంటాడు: "నువ్వే నాకు బాకీ ఉన్నావు. ఇంక జీతమెక్కడిది?"

అక్కడితో వ్యవహారం ముగిసిపోతుంది. ముప్పై రోజుల శ్రమ ఫలం ఆ సొరుగులోనే ఉండిపోతుంది. పనివాడు ఉత్త చేతులతో ఇంటికి వస్తాడు. ఇంట్లో అద్దె, పాలవాడి లెక్క, పిల్లల ఫీజు అతని కోసం ఎదురుచూస్తుంటాయి. "అప్పు తీసుకున్న మాట నిజమే కదా" అని తల్లి సమాధానపరుస్తుంది. "పెద్దమనిషితో గొడవెందుకు" అని బస్తీ సలహా ఇస్తుంది. ఈ రెండు మాటలే మన సమాజంలో ఒక పెద్ద అన్యాయానికి కాపలా కాస్తున్నాయి.

అప్పు నిజమే కావచ్చు. అప్పు ఉన్నంత మాత్రాన యజమాని తనంతట తాను జీతం మొత్తాన్ని పట్టుకోవచ్చునన్నది అబద్ధం. చట్టం దాన్ని ఒప్పుకోదు. మనం నమ్మే ధర్మమూ ఒప్పుకోదు. అయినా అది నిర్విఘ్నంగా జరిగిపోతున్నదంటే, పనివాడికి తన హక్కు తెలియకపోవడం ఒక కారణం, తెలిసినవాళ్ళు నోరు మెదపకపోవడం మరో కారణం.

ఈ గోడు ఎవరిది?

ముస్లింల స్థితిగతులపై 2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక విద్య గురించి, బ్యాంకు రుణాల గురించి చెప్పిన సంగతులను మనం తరచుగా వల్లిస్తాం. ఆ నివేదికలోనే ఉన్న మరో ముఖ్యమైన సంగతిని అంతగా పట్టించుకోము. నెలజీతపు స్థిరమైన ఉద్యోగాల్లో ముస్లింల వాటా తక్కువ. రాతపూర్వకమైన ఒప్పందం గానీ, సామాజిక భద్రత గానీ లేని అసంఘటిత రంగంలో వారి సంఖ్య ఎక్కువ. తెలంగాణలో 2016లో నివేదిక ఇచ్చిన సుధీర్ కమిషన్ కూడా ఈ బలహీనమైన ఉపాధి స్థితినే ఎత్తిచూపింది.

ఈ వాక్యాలను అంకెల భాషలోంచి మన వీధి భాషలోకి మార్చి చూడండి. మెకానిక్ షెడ్డులో పాన పట్టుకున్న కుర్రవాడు, వెల్డింగు దుకాణంలో కళ్ళు ఎర్రబారిన కారీగరు, కార్‌చోబీ మగ్గం మీద వంగిన యువతి, లాడ్ బజారుకు లక్క గాజులు అందించే ఇంటి కార్ఖానాలోని పనివాడు, బేకరీ భట్టీ దగ్గర తెల్లవారుజామునే నిలబడే మనిషి, బిర్యానీ హోటలు వంటవాడు, లారీ క్లీనరు, నాలుగు వీధుల అవతల ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే మన చెల్లెలు. వీళ్ళలో ఎంతమంది చేతిలో నియామక పత్రం ఉంది? ఎంతమందికి జీతపు చీటీ ఇస్తున్నారు? చాలా చోట్ల ఉన్న ఒకే ఒక్క దస్తావేజు సేఠ్ సొరుగులోని నోటుపుస్తకం. అది రాసేది ఆయనే, దాచేది ఆయనే, చివరకు తీర్పు చెప్పేదీ ఆయనే.

పేష్గీ ఇచ్చి మనిషిని కట్టిపడేయడం ఈ గడ్డకు కొత్తది కాదు. తెలంగాణ పల్లెల్లో దాన్ని భగేలా అన్నారు. తీసుకున్న అప్పుకు బదులుగా దొర పొలంలో ఏళ్ళ తరబడి, కొన్నిచోట్ల తండ్రి తరువాత కొడుకు కూడా చాకిరీ చేయడమే దాని స్వరూపం. దాన్ని అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వమే చట్టం చేయవలసి వచ్చింది. పొలంలోని భగేలా పట్నం వచ్చి షట్టరు వేసిన కార్ఖానాలో కూర్చుంది. 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీ గాజుల కార్ఖానాల మీద పోలీసులు దాడులు చేసి వందలాది బాలలను విడిపించినప్పుడు ఆ సంగతి దేశమంతటికీ తెలిసింది. బీహారు నుంచి తెచ్చిన ఆ పిల్లల్లో చాలామంది తల్లిదండ్రుల చేతిలో ముందుగా కొంత సొమ్ము పెట్టి తెచ్చినవారే. ఆ కార్ఖానాలు ఎక్కడో లేవు, మన బస్తీల్లోనే ఉన్నాయి. ఆ మాట ఒప్పుకోకుండా మైనారిటీ హక్కుల గురించి మాట్లాడే నైతిక బలం మనకు రాదు.

చట్టం ఏమంటున్నది?

ముందుగా ఒక ప్రాథమిక సత్యం. అప్పు ఇచ్చినవాడు కోర్టుకు వెళ్ళి, సాక్ష్యం చూపి, డిక్రీ తెచ్చుకున్నాడనుకుందాం. అప్పుడైనా సరే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం కూలీల వేతనాన్ని, ఇంటి పనివారి వేతనాన్ని జప్తు చేయడానికి వీలులేదు. ఇతర జీతగాళ్ళ విషయంలోనూ సామాన్యమైన అప్పు కింద జీతంలో తొలి 1,000 రూపాయలను, మిగిలినదానిలో మూడింట రెండు వంతులను ముట్టుకోకూడదు. న్యాయమూర్తికి లేని అధికారం గల్లాపెట్టె వెనక కూర్చున్న మనిషికి ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక వేతన చట్టం సంగతి. బ్రిటిషు పాలనలో 1929లో నియమితమైన విట్లీ కమిషన్ కార్మికుల అప్పుల ఊబిని, యజమానులు ఇష్టం వచ్చినట్లు వేసే కోతలను పరిశీలించింది. ఆ తరువాత 1936లో వేతనాల చెల్లింపు చట్టం వచ్చింది. జీతంలోంచి ఏ ఏ కారణాలకు కోత పెట్టవచ్చునో ఆ చట్టం జాబితా రాసింది. జాబితాలో లేని కోత ఏదైనా అక్రమమే. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. కొత్త లేబర్ కోడ్‌ల మీద కార్మిక సంఘాలకు ఉన్న అభ్యంతరాలు చిన్నవి కావు. వాటి చర్చ వేరే చేద్దాం. మన విషయానికి సంబంధించినంత వరకు అందులో పనివాడికి అక్కరకు వచ్చే నాలుగు సంగతులను ప్రతి ఇంటా తెలుసుకోవాలి.

మొదటిది, గడువు. 17వ సెక్షను ప్రకారం ఉద్యోగిని తొలగించినా, అతడే రాజీనామా చేసినా, సంస్థ మూతపడినా రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లోగా చెల్లించాలి. పాత చట్టంలో ఈ రెండు రోజుల నియమం యజమాని తొలగించిన సందర్భానికే పరిమితమై ఉండేది. అదీ నెలకు 24,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికే వర్తించేది. ఇప్పుడు తానుగా మానుకున్నవాడికీ అదే హక్కు ఉంది, జీతపు పరిమితీ లేదు. "వచ్చే నెల రా, చూద్దాం" అనే మాటకు ఇక చట్టంలో చోటు లేదు.

రెండవది, కోతకు హద్దు. ఉద్యోగికి ఇచ్చిన అడ్వాన్సును నియమాలకు లోబడి జీతంలోంచి రాబట్టుకోవడానికి చట్టం యజమానికి అనుమతి ఇస్తుంది. ఇది దాచవలసిన సంగతి కాదు. కానీ 18వ సెక్షను దానికి పగ్గం వేసింది. అన్ని రకాల కోతలు కలిపినా ఆ వేతన కాలపు జీతంలో సగానికి మించకూడదు. పనిలో చేరడానికి వచ్చేటప్పుడు దారిఖర్చులకు ఇచ్చిన అడ్వాన్సునైతే అసలు రాబట్టుకోనే కూడదు. వస్తువు పగిలిందని, సరుకు పాడైందని కోత పెట్టాలంటే ఆ వస్తువును అతనికి ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి, నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లనే జరిగి ఉండాలి, సంజాయిషీ చెప్పుకునే అవకాశం అతనికి ముందుగా ఇచ్చి ఉండాలి. కోత ఆ నష్టం విలువను దాటకూడదు.

మూడవది, రుజువు బాధ్యత. జీతం ఇవ్వలేదనీ, అక్రమంగా కోశారనీ ఉద్యోగి దావా వేస్తే, చెల్లించానని రుజువు చేసుకోవలసిన భారం 59వ సెక్షను ప్రకారం యజమానిదే. "నీ దగ్గర కాగితం ఏముంది?" అని పనివాణ్ణి బెదిరించే సేఠ్ ఈ సెక్షను చదువుకోవాలి. కాగితం చూపవలసింది ఆయన.

నాలుగవది, పరిహారం. 45వ సెక్షను కింద నియమితుడైన అధికారి దగ్గర మూడేళ్ళలోగా దావా వేయవచ్చు. ఉద్యోగి స్వయంగా వేయవచ్చు, అతను సభ్యుడిగా ఉన్న రిజిస్టరైన కార్మిక సంఘమూ వేయవచ్చు. రావలసిన సొమ్ముతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం విధించే అధికారం ఆ అధికారికి ఉంది. పాత చట్టంలో గడువు పన్నెండు నెలలే.

ఒక చిన్న లెక్క

ఇదంతా కాగితం మీది మాటగా తోస్తే ఒక లెక్క వేసి చూద్దాం. పన్నెండు మంది పనిచేసే కార్ఖానాలో ఒక కారీగరు ఆరేళ్ళు పనిచేశాడనుకోండి. జీతం నెలకు 15,000. తల్లి ఆపరేషనుకు సేఠ్ దగ్గర 40,000 తీసుకున్నాడు. నెలకు 2,000 చొప్పున ఎనిమిది నెలలు కోత పెట్టగా 16,000 తీరి, 24,000 మిగిలింది. నెల పూర్తిచేసి పని మానుకున్నాడు. సేఠ్ లెక్క ఇది: "నీ జీతం 15,000 పోగా ఇంకా 9,000 నువ్వే నాకివ్వాలి."

చట్టం లెక్క వేరు. కోత ఎంత పెట్టినా సగానికి మించరాదు గనుక, రెండు పనిదినాల్లో కనీసం 7,500 అతని చేతిలో పడాలి. మిగిలిన బాకీ 16,500. దాన్ని వాయిదాలుగా అడగవచ్చు, కుదరకపోతే కోర్టుకు వెళ్ళవచ్చు.

కథ అక్కడితో అయిపోలేదు. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలో అయిదేళ్ళు నిండిన ఉద్యోగికి గ్రాట్యుటీ హక్కుగా వస్తుంది. ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కగట్టి, ఆరేళ్ళకు అది 51,923 రూపాయలు. దాన్ని ముప్పై రోజుల్లో చెల్లించాలి. గ్రాట్యుటీని కోర్టు డిక్రీ కింద కూడా జప్తు చేయరాదన్నది 1972 చట్టం నుంచి వస్తున్న నియమం. ఉద్యోగి తన చేతలవల్ల ఆస్తినష్టం కలిగించి ఆ కారణంగా తొలగింపుకు గురైనప్పుడో, హింసకో నైతిక నేరానికో తొలగించినప్పుడో తప్ప దాన్ని ఆపే వీలు లేదు. చేబదులు తీసుకోవడం ఆ కారణాల్లో లేదు. అంటే, 9,000 బాకీ ఉన్నావని గెంటివేయబడిన మనిషికి నిజానికి సేఠే అంతకు అనేక రెట్లు బాకీ ఉన్నాడు. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో భవిష్యనిధి సొమ్ము ఉంటే, దాన్ని అసలు యజమాని ముట్టుకోవడానికే వీల్లేదు.

సొరుగులోని నోటుపుస్తకంలో ఒక పక్క లెక్కే ఉంటుంది. రెండో పక్క రాయించే బాధ్యత మనది.

జీతపు తగాదా ఎప్పుడు వెట్టి అవుతుంది?

"బాకీ తీరేదాకా ఇక్కడి నుంచి కదలడానికి వీల్లేదు." ఈ మాట మనం ఎన్నిసార్లు విన్నాం! అన్నవాడికి గాని, పడ్డవాడికి గాని దాని బరువు తెలియదు. ఆ మాట నోటి నుంచి వెలువడి, ఆచరణలోకి వచ్చిన మరుక్షణం అది జీతపు తగాదా కాదు, నేరం. అప్పు కారణంగా మనిషి వేరేచోట పని వెతుక్కునే స్వేచ్ఛను హరించడాన్ని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వెట్టిగానే నిర్వచించింది. అందుకు మూడేళ్ళ వరకు జైలు, జరిమానా ఉన్నాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ చట్టం ప్రకారం అలాంటి అప్పు రద్దయిపోతుంది. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవలసిన భారం అప్పిచ్చినవాడిదే.

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయేనని తీర్పు చెప్పింది. ఆకలి చేసే బలవంతం కూడా బలవంతమేనన్నది ఆ తీర్పు సారాంశం. 1983లో బంధువా ముక్తి మోర్చా కేసులో, బలవంతపు చాకిరీ జరుగుతున్నదని తేలితే దాని వెనక అడ్వాన్సు ఉన్నదని కోర్టు ఊహించుకుంటుందనీ, కాదని చూపవలసింది యజమానేననీ స్పష్టం చేసింది. బాధితుడు జిల్లా మెజిస్ట్రేటు అయిన కలెక్టరుకు గాని, అధికారం పొందిన రెవెన్యూ అధికారికి గాని ఫిర్యాదు చేయవచ్చు. విముక్తుడైన వెట్టి కార్మికునికి కేంద్ర ప్రభుత్వ పునరావాస పథకం కింద పురుషునికి లక్ష, స్త్రీలకూ బాలలకూ రెండు లక్షలు, అతి ఘోరమైన సందర్భాల్లో మూడు లక్షల రూపాయల సాయం ఉంది.

పనివాణ్ణి ఆపడానికి జీతం బిగబట్టడం ఒక పద్ధతి అయితే, అసలు సర్టిఫికెట్లు బిగబట్టడం మరొకటి. ప్రైవేటు బడిలో చేరే అమ్మాయి దగ్గర డిగ్రీ, బీఎడ్ పత్రాలు తీసుకుని, "ఏడాది మధ్యలో మానితే ఇవ్వం" అనడం రివాజుగా మారింది. జీతపు బాకీ లెక్క తేలేదాకా పత్రాలు ఇవ్వని యాజమాన్యాలు ఉన్నాయి. చదువుకున్న ఆడపిల్లకు ఆ పత్రమే ఆస్తి. దాన్ని తాళం వేసి పెట్టుకోవడం ఆమె రేపటి ఉపాధికి తాళం వేయడమే.

"మరి మా సొమ్ము మాటేమిటి?"

యజమానుల వాదన కూడా న్యాయంగా వినాలి. "ఆపదలో అడిగితే ఇచ్చాను. వడ్డీ అడగలేదు. చెప్పాపెట్టకుండా పక్క దుకాణంలో చేరిపోతే నా గతేమిటి? ఇలాగైతే రేపటి నుంచి ఎవరికీ పైసా ఇవ్వను" అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. అప్పు ఎగవేయడం తప్పే. ఇస్లాంలో అప్పు చిన్న విషయం కాదు. రుణం తీర్చకుండా మరణించిన వ్యక్తి జనాజా నమాజుకు దైవప్రవక్త (స) నాయకత్వం వహించడానికి వెనుకాడారనీ, ఒక సహచరుడు ఆ రుణభారం తానెత్తుకున్న తరువాతే నమాజు చేయించారనీ హదీసు గ్రంథాల్లో ఉంది. ఈ హదీసును సేఠ్‌లు పనివాళ్ళకు తరచుగా వినిపిస్తారు.

అయితే సగం వినిపించి ఊరుకోవడం ధర్మం కాదు. అదే ప్రవక్త (స) ఆ తరువాతి కాలంలో బైతుల్‌మాల్‌కు నిధులు సమకూరినప్పుడు, తీర్చే స్తోమత లేక మరణించినవారి రుణాన్ని తాను తీరుస్తానని ప్రకటించారు. కూలివాడి చెమట ఆరకముందే అతని కూలి చెల్లించాలని ఆజ్ఞాపించినదీ ఆయనే. ప్రళయదినాన సాక్షాత్తు అల్లాహ్ ఎవరికి ప్రతివాదిగా నిలుస్తాడో తెలిపే హదీసులో ముగ్గురి ప్రస్తావన ఉంది. పనివాడితో పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడు ఆ ముగ్గురిలో ఒకడు. అప్పు ఎగవేసినవాడికి హెచ్చరిక ఉన్నట్టే, కూలి ఎగవేసినవాడికీ ఇంత ఘోరమైన హెచ్చరిక ఉంది. ఒకటి చదివి మరొకటి మింగేయడం ఏ రకమైన దీన్‌దారీ?

దివ్య ఖురాన్ రెండవ సూరాలోని రుణ ఆయతును మన పెద్దలు మరొక్కసారి చదవాలి. అప్పును రాసుకోమని అది ఆదేశిస్తుంది. రాయించే హక్కు ఎవరికిచ్చింది? అప్పు ఇచ్చినవాడికి కాదు, తీసుకున్నవాడికి. బలహీనుడైన పక్షం నోటి మాటే పత్రంలోకి ఎక్కాలి, సాక్షులు ఉండాలి. మన కార్ఖానాల్లో జరుగుతున్నదేమిటి? అప్పిచ్చినవాడే రాస్తాడు, రాసినదాన్ని తానే దాస్తాడు, సాక్షి ఉండడు. ఆ ఆయతుకు ముందే ఉన్న మరో వాక్యం, రుణగ్రస్తుడు ఇబ్బందుల్లో ఉంటే అతనికి వీలు చిక్కేదాకా గడువు ఇమ్మని చెబుతుంది. పని మానుకుని, చేతిలో చిల్లిగవ్వ లేకుండా నిలబడ్డ మనిషి కన్నా ఇబ్బందుల్లో ఉన్నవాడెవడు?

కాబట్టి సేఠ్‌లకు మా జవాబు ఇది. మీ సొమ్ము మీకు రావాలి. అందుకు దారి ఉంది. అప్పు ఇచ్చిన రోజే రెండు ప్రతులు రాయించండి, ఒకటి అతనికివ్వండి. నెలకు ఎంత కోయాలో అప్పుడే తేల్చుకోండి, కోసిన ప్రతిసారీ రసీదు ఇవ్వండి. పని మానుకున్నా మిగిలిన బాకీకి వాయిదాలు కట్టుకోండి. మోసం చేస్తే కోర్టుకు వెళ్ళండి. అప్పు వేరు, జీతం వేరు. అప్పు మీకూ అతనికీ మధ్య ఉన్న ఒప్పందం. జీతం మీద మాత్రం అతని పిల్లల ఆకలికి కూడా హక్కుంది.

గల్ఫ్‌లో మనవాళ్ళ సంగతి

ఈ గోడుకు మరో ముఖం ఎడారి దేశాల్లో ఉంది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాదు పల్లెల నుంచీ, కడప జిల్లా నుంచీ లక్షలు అప్పుచేసి వెళ్ళినవారికి తిరుగు ప్రయాణం రోజున "నీ వీసా ఖర్చు, టికెట్టు ఖర్చు మినహాయిస్తే ఏమీ మిగలదు" అనే మాట వినిపిస్తుంది. అక్కడి చట్టాలు కూడా దీన్ని అనుమతించవని మనవారికి తెలియదు. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఒప్పందం ముగిస్తే వారంలోగా, కార్మికుడే మానుకుంటే రెండు వారాల్లోగా బకాయిలు తేల్చాలి. పనికి సంబంధించిన బాకీని అందులోంచి మినహాయించుకునే వీలు యజమానికి ఉంది గానీ, ఉద్యోగంలో ఉండగా ఇచ్చిన అప్పు కింద నెల జీతంలో పది శాతానికి మించి కోయకూడదు. యు.ఎ.ఇ.లో ఒప్పందం ముగిసిన పద్నాలుగు రోజుల్లో అన్ని బకాయిలూ చెల్లించాలి. అప్పు కోతకు కార్మికుని రాతపూర్వక అంగీకారం ఉండాలి, వడ్డీ కట్టకూడదు.

ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి, "అన్నీ ముట్టాయి" అని ఒప్పుకుని విమానం ఎక్కడమే అక్కడ మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు. విమానం ఎక్కకముందే భారత రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించాలి. విదేశాంగ శాఖ నడిపే 'మదద్' పోర్టల్‌లో ఇంటి నుంచి కుటుంబసభ్యులు కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ప్రభుత్వమూ జవాబు చెప్పాలి

తప్పంతా సేఠ్‌ల మీదకు నెట్టి ప్రభుత్వాన్ని వదిలిపెట్టలేము. తక్కువ జీతం ఇచ్చిన యజమానికి కొత్త కోడ్ మొదటి తప్పుకు యాభై వేల రూపాయల వరకు జరిమానా మాత్రమే విధిస్తున్నది. అదే తప్పు అయిదేళ్ళలో మళ్ళీ చేస్తేనే మూడు నెలల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా. పైగా తనిఖీ అధికారి పేరు మార్చి 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్' అన్నారు. ప్రాసిక్యూషనుకు ముందు యజమానికి తప్పు దిద్దుకునే అవకాశం ఇవ్వాలన్నారు. దొంగిలించిన జీతాన్ని పట్టుబడ్డాక తిరిగి ఇస్తే చాలునన్నమాట! ఇంటి పనివారికి ఈ కోడ్ నీడ స్పష్టంగా లేదు. మన ఇళ్ళలో, మన అపార్టుమెంట్లలో పనిచేసే స్త్రీలలో మన స్త్రీలే ఎందరో ఉన్నారు. వారి కోసం ప్రత్యేక చట్టం కావాలని అడగకుండా మైనారిటీ సంక్షేమం గురించి మాట్లాడడం అసంపూర్ణం.

మన చేతిలో ఉన్న పని

కుటుంబాలు చేయవలసింది మొదట చెబుతాను. పనిలో చేరిన నాటి నుంచి జీతం బ్యాంకు ఖాతాలోకే రావాలని అడగండి. అడ్వాన్సు తీసుకున్న రోజు తేదీ, మొత్తం, కోసిన ప్రతి రూపాయి మీ పుస్తకంలో కూడా రాసుకోండి. ఫోనులో వచ్చిన సందేశాలను, హాజరు పట్టిక ఫోటోను భద్రపరచండి. పని మానుకునేటప్పుడు నోటిమాటతో సరిపెట్టక రెండు వాక్యాల రాజీనామా రాసి, జీతం లెక్క అడిగి, నకలు ఉంచుకోండి. ఖాళీ కాగితం మీద ఎన్నటికీ సంతకం చేయకండి. రెండు పనిదినాలు దాటితే కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్ళండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో స్త్రీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. దాన్ని అడగడం భిక్ష కాదు.

మస్జిద్ కమిటీలకు ఒక విన్నపం. జీతపు తగాదా మీ దగ్గరకు వచ్చినప్పుడు చందాల జాబితాలో ఎవరి పేరు పైన ఉందో చూడకండి. "సబర్ చేయి బేటా" అని పనివాడికి చెప్పే ముందు, "హక్కు ఇచ్చేయండి సాబ్" అని యజమానికి చెప్పండి. దాసుల హక్కును దాసుడు క్షమిస్తేనే తప్ప దానికి మాఫీ లేదని మిమ్బర్ మీది నుంచి మనం వింటూనే ఉన్నాం. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాల్లో రుణగ్రస్తులు ఒకరు. బస్తీ బైతుల్‌మాల్‌లోంచి ఒక కారీగరు బాకీ తీర్చితే, అతను సేఠ్ పుస్తకంలోంచి బయటపడతాడు, సేఠ్ సొమ్మూ సేఠ్‌కు చేరుతుంది. రమజాన్‌లో పంచే రేషను సంచుల కన్నా అది ఎక్కువ కాలం నిలిచే సాయం.

కార్యకర్తలు ప్రతి బస్తీలో ఒక చోటు ఏర్పాటు చేయాలి. వారానికి ఒక సాయంత్రం చాలు. లెక్క చూడగలిగిన ఒక మనిషి, అర్జీ రాయగలిగిన ఒక మనిషి, ఒక న్యాయవాది ఫోను నంబరు ఉంటే పని మొదలవుతుంది. ఒక్క కార్ఖానాలో నలుగురి జీతం ఆగితే నలుగురూ కలిసి ఒకే అర్జీ పెట్టవచ్చు. ఒంటరిగా వెళ్ళేవాడికి భయం, కలిసి వెళ్ళేవారికి అది ఉండదు.

ప్రభుత్వం మనకు ఏం చేయలేదో రాయడానికి ఈ పేజీలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. కానీ బయటివారి నుంచి న్యాయం అడిగే నోరు, ఇంట్లోని అన్యాయం దగ్గర మూతపడితే ఆ అడగడంలో బలం ఉండదు. ఈ నెల జీతాల రోజున ప్రతి దుకాణం, ప్రతి కార్ఖానా, ప్రతి బడి యజమాని తన సొరుగు తెరిచి చూసుకోవాలి. మానుకుని వెళ్ళిపోయిన మనిషి జీతం అందులో ఉంటే, ఈ జుమాకు ముందే అది అతని ఇంటికి చేరాలి. చేరకపోతే అతని వెంట కార్మిక శాఖ గుమ్మం దాకా నడవడానికి మనం సిద్ధంగా ఉండాలి.